కరియప్పకు పోసిన పాలు

నారాయణప్ప తన కుక్కను నా గుమ్మం ముందు వదిలేసి పోయాడు. ఇందులో వాదనకు తావు లేదు. వ్యాపారం పడిపోయిందన్నాడు, ఉద్యమం అన్నాడు, కొత్త ఇల్లు దొరకలేదన్నాడు. కారణాలు ఎన్నయినా ఉంటాయి. వదిలేసినవాడు వదిలేసినవాడే.

నాది నానక్‌రామ్‌గూడ. ఏడో తరగతి దాకా ఈ ఊరి బడిలోనే చదివాను. మా పొలం ఉన్న చోట ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. నాకు మిగిలింది ఒక ఇల్లు, దాని వెనక కొంచెం జాగా. మధ్యాహ్నం మూడు దాటితే ఆ జాగా మీద కూడా మేడల నీడే. నా భార్య భూలక్ష్మి పోయి అప్పటికి రెండేళ్లయింది. పిల్లలు లేరు. వంట రాదు. గోపన్‌పల్లిలో ఉండే బామ్మర్ది మల్లయ్య పొద్దున పాల బండిలో వస్తూ టిఫిన్ గిన్నె దించిపోయేవాడు. అదే రెండు పూటలూ తినేవాణ్ణి.

మేడ మీది వాటా నారాయణప్పకు కిరాయికిచ్చాను. వాళ్లది అనంతపురం. ఆయన ప్లాట్లు అమ్మిపెట్టేవాడు. వచ్చినప్పుడే కుక్కను వెంట తెచ్చుకున్నారు. నల్లటి ఊరకుక్క. ఎడమ చెవి కొస తెగి ఉండేది. పేరు కరియప్ప. కుక్కకు మనిషి పేరేమిటని అడిగితే నారాయణప్ప భార్య నాగమణి నవ్వింది.

"మా తట్టు నల్లగుంటే కరియప్పేన్నా. మా పెదనాయన పేరు గూడా అదే. ఆయప్పకు తెలిస్తే కొడతాడు."

2011 ఫిబ్రవరిలో వాళ్లు అనంతపురానికి సామాను కట్టారు. పది రోజుల్లో వచ్చి కుక్కను తీసుకుపోతానని నారాయణప్ప నాతో చెప్పాడు. కుక్కను గేటు లోపలికి తోసి, గడియ పెట్టి, బండెక్కాడు. నాగమణి చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆయన వెనక్కి చూడలేదు. కరియప్ప గేటు సందులో మూతి పెట్టి, బండి మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత మెట్లెక్కి, తాళం వేసిన తలుపు ముందు పడుకుంది.

అప్పటికి దానికి ఆరేళ్లు. పిల్లకుక్కయితే నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేది. ఇది ఏడవలేదు, మరవలేదు. అన్నం పప్పు కలిపి పెట్టాను, వాసన చూసి మూతి తిప్పుకుంది. జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెట్టాను, చీమలు తిన్నాయి. నాలుగో రోజుకు డొక్కలు లోపలికి పోయాయి. నేను నాగమణికి ఫోన్ చేశాను. సాయం అడగడానికి కాదు, తిట్టడానికి.

"సంగటి పెట్టన్నా," అంది. "వానికి పుట్టినప్పట్నుంచి అదే అలవాటు. రాగి సంగటి లేకపోతే సచ్చినా మూతి పెట్టడు."

ఎట్లా చేయాలో చెప్పింది. కొంచెం బియ్యం మెత్తగా ఉడకాలట. మీద రాగిపిండి కుప్పగా పోసి కదపకుండా మగ్గనివ్వాలట. తర్వాత గిన్నెను కాళ్లతో అదిమిపట్టి కట్టెతో గెలకాలట. ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, పప్పునీళ్లు పోయాలట.

ఓంకార్ కిరాణా దుకాణానికి వెళ్లాను. ఓంకార్ మా ఊరివాడే. నాకంటే ముప్పై ఏళ్లు చిన్న. ఊళ్లో ఉద్యమం పనులన్నీ వాడి భుజం మీదే ఉండేవి.

"తైద పిండి ఉన్నదా?" అన్నాను. రాగులను మేం తైదలంటాం.

"నీకెందుకే కాకా? షుగర్ గిట్ల వచ్చిందా?"

"కుక్కకు."

"కుక్కకు షుగరా!"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను పొట్లం తీసుకుని వచ్చేశాను.

మొదటిరోజు మాడింది. రెండోరోజు పిండి ఉండలు కట్టింది. మూడోరోజు వేళ్లు కాలాయి. కాలినా ముద్ద ముద్దలాగే వచ్చింది. మెట్ల మీద పెట్టి, కింద నిలబడ్డాను. కరియప్ప లేచింది. నన్ను చూసింది, ముద్దను చూసింది. తిన్నది. తిని, గిన్నె నాకి, ఒక్కో మెట్టూ దిగి వచ్చి నా చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది. అరగంట సేపు కాలు కదపలేదు నేను. తిమ్మిరెక్కింది. అయినా కదపలేదు.

పది రోజులన్నవాడు నెల దాటినా రాలేదు. ఫోన్ చేస్తే, "నువ్వే ఉంచుకో రామన్నా, మాకీడ అపార్ట్‌మెంటు, కుక్కను ఒప్పుకోరు," అన్నాడు. ఆ మాటతో కుక్క నాదయింది. నేను అడగలేదు, వాడే ఇచ్చాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

రోజూ వండడం అలవాటయింది. కుక్కకు రెండు ముద్దలు, మిగిలింది నాకు. మల్లయ్య గిన్నె తేవడం మానేశాడు. కరియప్పను నేనెప్పుడూ కట్టెయ్యలేదు. మా ఇళ్లలో కుక్కను కట్టేసే అలవాటు లేదు, నారాయణప్ప కూడా కట్టేసేవాడు కాదు. నేను ఎటు పోతే అటు వచ్చేది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలయింది. బళ్లు మూసేశారు. ఆర్టీసీ బస్సులు డిపోల్లో నిలిచాయి. బొగ్గు రాక కరెంటు పోయేది. మా దగ్గర కూడలిలో టెంటు వేశారు. ఒకరోజు వంటా వార్పు పెట్టారు. ఊరంతా రోడ్డు మీదికొచ్చి, రాళ్లతో పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తినడం. కంపెనీల కార్లు అటు పక్క వరుసగా ఆగాయి. ఆడవాళ్లు అన్నం వారుస్తున్నారు. నేను ఒక మూల మూడు రాళ్లు పెట్టి సంగటి గెలుకుతున్నాను.

ఓంకార్ చూశాడు. "ఏంది కాకా? తెలంగాణ వంటల సీమ సంగటి కలుపుతున్నవ్?"

"నాకు కాదు, కుక్కకు."

"కుక్కది ఏ జిల్లా?"

"అనంతపురం."

"అయితే నాన్ లోకల్. లైన్ల ఆఖరుకు నిలబెట్టు!"

అందరూ విరగబడి నవ్వారు. మల్లయ్య విస్తరాకు ముందు నుంచి లేచి, "ఏడు నెలలాయె మా బావ ఇంట్ల ఉండవట్టి. గది ముల్కీ అయినట్టే, ఈడి కుక్కే. ముందుగాల దానికే వెట్టుండ్రి," అన్నాడు. ఓంకార్ జై తెలంగాణ రిబ్బను తెచ్చి కరియప్ప మెడకు కట్టాడు. అది సాయంత్రం దాకా ఆ రిబ్బనుతోనే తిరిగింది. చాలా కాలం తర్వాత నేను నలుగురిలో కూర్చుని తిన్నది ఆ రోజే.

ఆ వారంలోనే నారాయణప్ప ఫోన్ చేశాడు. అనంతపురంలో ఇల్లు కొన్నాడట, చుట్టూ ప్రహరీ ఉందట. "నాగమణి పాణం తీస్తాంది కుక్క కోసరం. బస్సులు తిరగనీ, వచ్చి తీసకపోతాం."

"ఉంచుకోమన్నవ్ కద."

"అప్పుడంటే అప్పుడు లేప్పా. ఇంకో కుక్కను చూసుకో. మీ రోడ్ల మింద లెక్కలేనన్ని ఉండ్లా?"

నేను ఫోన్ పెట్టేశాను.

మర్నాటి నుంచి టెంటు దగ్గరికి అందరికంటే ముందు నేనే చేరేవాణ్ణి. ఓంకార్ మెచ్చుకున్నాడు, నన్ను చూపించి పెద్దమనిషిని చూసి నేర్చుకోండన్నాడు. వాళ్లంతా తెలంగాణ కోసం కూర్చున్నారు. నేను బస్సులు నడవకూడదని కూర్చున్నాను.

అక్టోబరు నడుమ, ఆర్టీసీ వాళ్లు రేపో మాపో డ్యూటీ ఎక్కుతారని టెంటులో మాట పుట్టింది. ఆ సాయంత్రమే నాగమణి ఫోన్. గొంతులో సంతోషం.

"అన్నా, బస్సులు తిరుగుతాయంట కదా. మా కరియప్ప ఎట్లుండాడు?"

కరియప్ప నా కాళ్ల దగ్గరే ఉంది. తోకతో నేలను కొడుతోంది.

"లేడమ్మా," అన్నాను. "పోయిండు."

అనుకుని అన్న మాట కాదు. వచ్చేసింది. నాగమణి, "ఎప్పుడన్నా?" అంది.

"ఈయాల పొద్దుగాల."

"పూడ్చినావా?"

"పూడ్చిన. ఇంటెన్కనే."

"ఎల్లుండికి మూడు దినాలు. పాలు పోయల్ల కదన్నా."

ఆ సంగతి నాకు తట్టలేదు. మనిషిని పూడ్చిన మూడో రోజు పాలు పోస్తాం. భూలక్ష్మికి నేనే పోశాను. కుక్కకు పోస్తారని ఎవరనుకుంటారు?

"బస్సులు లేవమ్మా. నువ్వు రాకు, నేనే పోస్త," అన్నాను. ఆమె ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. అయిపోయిందనుకున్నాను. ఎవరైనా చూసి ఫోన్లో చేరవేస్తారేమోనని రెండు రోజులు కుక్కను ఇంట్లోనే ఉంచి, తలుపు దగ్గరికి వేశాను.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"అన్నా, శంషాబాద్‌లో దిగినా. చీనీకాయల లారీ పట్టుకొని వచ్చినా. ఇంగ రెండు గంటల్లో నీ ఇంటికాడ ఉంటా."

బస్సులు లేని రోజుల్లో, రాత్రంతా బత్తాయి లారీలో, ఒక్క ఆడమనిషి. కుక్కకు పాలు పోయడానికి.

మల్లయ్యను పిలిచాను. ముందు అద్దం మీద 'పాలు' అని కాగితం అంటించి ఉంటుంది కాబట్టి వాడి ఆటో ట్రాలీని ఎవరూ ఆపరు. వాడొచ్చేలోగా పార తీసుకుని ఇంటి వెనక తవ్వడం మొదలుపెట్టాను. కరియప్ప వచ్చింది. నేను తవ్వుతుంటే దానికి ఆటనిపించినట్టుంది. నా పక్కన నిలబడి, ముందు కాళ్లతో అదీ మట్టి తీసింది. ముక్కు మీద మట్టి, నాలుక బయట. పొమ్మన్నా పోలేదు. దాని గోతిని ఇద్దరం కలిసి తవ్వాం. మళ్లీ పూడ్చి, పైన దిబ్బ చేశాను.

మల్లయ్య వచ్చి, దిబ్బను చూసి, కుక్కను చూశాడు. విషయం చెప్పాను.

"బావా, గిది మంచిగ లేదు. అడిగినోళ్లకు ఇయ్యనని చెప్పరాదు?"

"నువ్వు తీస్కపో. పొద్దుమూకే యాళ్లకు నేనే వస్త."

కరియప్పను ఎత్తి పాలక్యాన్ల మధ్య కూర్చోబెట్టాను. అది ఎదురు తిరగలేదు. నా ముఖం కేసి చూసింది. నాకు టైమ్ లేదు. పార కడగాలి, గోళ్లలో నిండిన మట్టి తీయాలి, దాని గిన్నె దాచాలి. గేటు గడియ పెట్టి లోపలికి వచ్చేశాను.

నాగమణి ఒక్కతే రాలేదు. పాల ప్యాకెట్ కోసం ఓంకార్ దుకాణానికి వెళ్లి, అక్కడ ఏడ్చిందట. వాడు టెంటులో ఉన్న బంతిపూల దండ తీసుకుని వెంట వచ్చాడు.

"నాకు ఒక్క మాట చెప్పకపోతివి కాకా," అన్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. ఎగతాళి చేసిన నోరు అది.

నాగమణి దిబ్బ ముందు కూలబడింది. రాత్రంతా ఒళ్లో పెట్టుకున్న స్టీలు డబ్బా తెరిచింది. అందులో సంగటి ముద్ద. దిబ్బ మీద పెట్టి, మధ్యలో వేలితో గుంట చేసింది.

"తినురా," అంది. "అమ్మ వచ్చినాది, తినురా."

పాల ప్యాకెట్ కొస పంటితో కొరికి, నెమ్మదిగా చుట్టూ పోసింది. కొత్తమట్టి. పోసిన పాలను ఆ మట్టి వెంటనే తాగేసింది.

"పోయే రోజు తిన్న్యాడా అన్నా?"

"తిన్నడు."

"ఎంత?"

"రెండు ముద్దలు."

అది అబద్ధం కాదు. ఆ పొద్దున రెండు ముద్దలు తిన్నది.

"నొప్పి పడినాడా?"

"లేదు."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఇడ్సిపెట్టి పోయిన పాపం మాదన్నా. ఆయప్ప మాటకు ఎదురు చెప్పలేకపోతిని. దిక్కులేని కుక్క మాదిరి రోడ్డు మింద సస్తాడేమో అని నిద్ర రాకపాయ నాకు ఎనిమిది నెలలు. నీ ఇంట్లో, నీ చేతుల మింద పోయినాడు. నాకు అదే సాలు."

వంగి నా కాళ్లు పట్టుకోబోయింది. వెనక్కి తీసుకున్నాను.

చెప్పాల్సిన చోటు అదే. మాట కూడా నోట్లో తయారుగా ఉంది. అమ్మా, కుక్క బతికే ఉంది, గోపన్‌పల్లిలో ఉంది. అంతే. చెబితే తిడుతుంది, ఏడుస్తుంది, నవ్వుతుంది, ఆ లారీలోనే తీసుకుపోతుంది. నేను మళ్లీ మల్లయ్య గిన్నె కోసం కూర్చుంటాను. ఓంకార్ పక్కనే ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. భూలక్ష్మి ఉంటే తెరిపించేది. ఆమె లేదు.

మధ్యాహ్నం దాటాక లారీవాడు ఫోన్ చేస్తే నాగమణి వెళ్లిపోయింది. ఓంకార్ బండి మీద దింపివచ్చాడు.

నేను నడక మొదలుపెట్టాను. బస్సు లేదు, ఆటో లేదు. గోపన్‌పల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. మల్లయ్య బర్రెల కొట్టం ముందు నిలబడి ఉన్నాడు. వాడి ముఖం చూడగానే తెలిసింది.

"పలుపుతోని కట్టేసిన బావా. ఉరుకుతదేమోనని. బర్లకు గడ్డేసి వచ్చేవరకు కొరుక్కొని పోయింది."

కొయ్యకు కొరికిన తాడు ముక్క వేలాడుతోంది. తడిగా ఉంది.

"పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి కట్టెయ్యలే దాన్ని," అన్నాను.

"నాకేమెరుక? నువ్వు చెప్పలే."

"చెప్పకుంటే తెల్వదా?"

వాడికి కోపమొచ్చింది. "తప్పు నా మీద రుద్దకు బావా. దాన్ని బండిల ఏసినవ్, గేటేసుకున్నవ్, ఇంట్లకు వోయినవ్. ఒక్కపారి ఎన్కకు తిరిగి చూడలే. మలుపు దాకా నీ గేటు దిక్కే చూసుకుంట వచ్చింది గది."

ఆ తర్వాత మల్లయ్యతో నేను మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడను. వాడు అన్నది నిజమే. నిజమైనంత మాత్రాన క్షమించాలని లేదు.

పొద్దున సంగటి వండి, డబ్బాలో పెట్టుకుని వెతకడానికి పోయేవాణ్ణి. నల్లగండ్ల, లింగంపల్లి, మదీనాగూడ. చెత్తకుండీలు, కల్లు దుకాణాలు, కట్టి వదిలేసిన గోడలు. ఊరు దాటాక పేరు పెట్టి పిలిచేవాణ్ణి. ఊళ్లో పిలవడానికి లేదు. ఊరందరికీ అది చచ్చిపోయింది, ఓంకార్ దండ వేశాడు. చచ్చిన కుక్కను పిలిచే ముసలివాణ్ణి పిచ్చివాడంటారు. గోడల మీద కాగితం అంటించడానికి లేదు. నలుగురు పిల్లలకు చెప్పి వెతికించడానికి లేదు. సాయంత్రం డబ్బాలో చల్లారిన ముద్దను నేనే తినేవాణ్ణి.

ఎనిమిదో రోజు ఓంకార్ దుకాణం ముందు నుంచి పోతుంటే పిలిచాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"కాకా, ఒక ముచ్చట చెప్త, పరేషాన్ గాకు. మూడొద్దుల కింద లింగంపల్లి స్టేషన్ కాడికి వోయిన. మెట్ల కాడ ఒక నల్ల కుక్క పండుకున్నది. మొత్తం మన కరియప్పే. చెవు కూడ గట్లనే తెగున్నది. నాకు ఒళ్లు జల్లుమన్నది. ఊకనే, కరియా, అని పిలిచిన."

"పిలిస్తే?"

"దిగ్గున లేచింది కాకా. తోక ఊపుకుంట ఉరికొచ్చింది నా మీదికి. నాకు గుండె ఆగినంత పనాయె. మనమే దండేసినం కద! దయ్యమో ఏందో అని రాయి తీస్కొని కొట్టిన. కాలుకు తాకింది. కుయ్యిమనుకుంట పట్టాల దిక్కు వోయింది."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ఏ పట్టాల దిక్కు?"

"ఏమో, చూడలే. దిక్కులేని కుక్క అయ్యుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు. మనోడు మంచిగ పోయిండు, ఆయమ్మ పాలు పోసింది."

వాడు మంచివాడు. నన్ను ఓదార్చడానికే చెప్పాడు. నేను నిజం చెప్పి ఉంటే వాడు ఆ కుక్కను బండి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. రాయి వాడి చేతిలో పెట్టింది నేను.

లింగంపల్లి నడిచి వెళ్లాను. స్టేషన్ మెట్ల దగ్గర లేదు. పట్టాల వెంట చందానగర్ దాకా పోయాను, వెనక్కి వచ్చి మళ్లీ పోయాను. టీ కొట్టువాడు, కుంటుతున్న నల్ల కుక్క ఒకటి రెండు రోజులు ఇక్కడే తిరిగిందన్నాడు. బన్ను వేస్తే తినలేదన్నాడు. తర్వాత కనపడలేదన్నాడు.

ఆర్టీసీ బస్సులు తిరిగాయి. సమ్మె ఆగింది. టెంటు విప్పేశారు. నేను నవంబరు ఆఖరు దాకా వెతికాను. దొరకలేదు.

దీపావళికి నాగమణి ఫోన్ చేసింది. "ఆయన ఇంకో కుక్కను తెస్తానంటాండు, నేనే వద్దన్న్యానన్నా," అంది. నేను సరేనన్నాను. ఆ తర్వాత ఆ నంబరు ఎత్తడం మానేశాను. ఇంటి వెనక దిబ్బ ఎవరిదని కొత్త కిరాయిదార్లు అడిగారు. మళ్లీ అడిగితే వాటా ఖాళీ చేయమన్నాను.

జరిగింది ఇది. ఒక్కసారి చెప్పాను. కుక్క దొరికిందా అని గానీ, నాగమణికి నిజం చెప్పావా అని గానీ నన్నెవరూ అడగొద్దు. ఈ విషయం ఇంకెప్పుడూ, ఎవరితోనూ మాట్లాడను.